రూపచిత్రములలో వృత్తియు హోదాయు

రూపచిత్రమనగా ఒక మనుష్యుని పోలికను చూచి వ్రాసిన పటము. ఆ పటమును చూచినవారు “వీరు ఫలానావారే” అని గుర్తించినచో చిత్రకారుని మొదటి బాధ్యత తీరినట్లే. కాని పటము వ్రాయించుకొన్నవాని కోరిక అంతటితో తీరదు. తాను చూపులకెట్లుండునో తెలియుటతో పాటు, లోకములో తన స్థానమేదియో కూడ తెలియవలెనని అతడు కోరును. ముక్కుమీద గాని నుదుటిమీద గాని వైద్యుడనియో, వర్తకుడనియో, మంత్రి యనియో వ్రాసియుండదు. రాజు కిరీటమును తీసివైచి, మాసిన పంచె కట్టుకొని, పొలముగట్టున నిలుచుండినచో ముఖమునుబట్టి ఆతనిని రాజని పోల్చుకొనగలవారెందరుందురు? కావున ముఖము చెప్పలేని సంగతిని చిత్రకారుడు మరియొక విధముగా చెప్పవలసి యున్నది. ఆ విధములెట్టివో, అవి చెప్పెడి మాటను మనమెంతవఱకు నమ్మవచ్చునో నేటి ప్రసంగమున విచారింతము. రేడియోలో పటమును చూపుటకు వీలులేదు గనుక, ఒక్కొక్క పటమును మాటలతోనే మీ కన్నులయెదుట నిలుపుటకు యత్నించెదను.

మన దేశమున ఈ సమస్య పాతది. విష్ణుధర్మోత్తర పురాణమునందలి చిత్రసూత్రము ఎవరినెట్లు వ్రాయవలెనో నియమములు చెప్పినది. ఋషులను జటలతోను, కృష్ణాజినముతోను వ్రాయవలెను. వర్తకుల తలలకు పాగలుండవలెను. వితంతువులు నెరసిన జుట్టుతో, తెల్లని వస్త్రములతో, ఆభరణములు లేక యుండవలెను. మన వీధినాటకములలోను ఇదియే మార్గము. భుజకీర్తులును కిరీటమును ధరించి తెర వెడలి వచ్చినవాడు నోరు విప్పకమునుపే రాజని పల్లెవారందరికిని తెలియును. అయితే ఇవి ఒక్కొక్క తెగవారికి ఏర్పరచిన గుర్తులు. పేరుగల ఒకానొక మనుష్యుని వ్రాయవలసి వచ్చినప్పుడు చిత్రకారుని పని కష్టతరమగును. ముఖమునందు ఆ వ్యక్తిని, తక్కిన పటమునందు ఆతని స్థానమును చూపి, ఆ రెండును ఒక్కరికే చెందినవని మనకు తోచునట్లు చేయవలెను.

అన్నిటికంటె సులభమైన గుర్తు చేతిలోని పనిముట్టు. ఇటలీ దేశమున బెర్గమో ప్రాంతమువాడైన మొరోని అను చిత్రకారుడు ఇంచుమించు 1565-70 సంవత్సరముల మధ్య ఒక దర్జీని చిత్రించెను. ఆ పటము లండను నగరమునందలి నేషనల్ గ్యాలరీలో నున్నది. దర్జీ తన బల్లయొద్ద నిలుచున్నాడు. చేతిలో పెద్ద కత్తెర కలదు. బల్లమీద నల్లని గుడ్డ పరచియున్నది. కత్తిరింపవలసిన చోట సుద్దతో గీచిన తెల్లని గీతలు ఆ నలుపుపై స్పష్టముగా కనుపించును. కత్తెర వేయబోవుచుండగా ఎవరో లోనికి వచ్చినట్లు అతడు తల త్రిప్పి మనవంక చూచుచున్నాడు. ఆతని చొక్కా మీగడవన్నెది, లాగు ఎఱ్ఱనిది. నల్లని బట్ట ఆ కాలమున ఆ ప్రాంతపు గొప్పకుటుంబములవారు మక్కువతో ధరించినది. దర్జీ చేతిక్రింద నున్న గుడ్డ నలుపు. అతడు తొడిగిన గుడ్డ నలుపు కాదు. ఎవరికొఱకు కుట్టుచున్నాడో, తానెవరో, ఈ రెండును రెండు గుడ్డల రంగులలోనే తెలియుచున్నవి. ఆ నాటికి పటములు వ్రాయించుకొనువారిలో ఎక్కువమంది ప్రభువులు, మతాధికారులు, ధనికులు. చేతిపని చేయువానిని, పనిలో నుండగానే, ఇంత గౌరవముతో వ్రాయుట అరుదు. ఆతని చూపులో నెమ్మది కలదు గాని దైన్యము లేదు.

పనిముట్లు పెరిగినకొలది కథ పెరుగును. జర్మను చిత్రకారుడు హోల్బీన్ 1532లో లండనులో నుండి, అచట వ్యాపారము చేయుచున్న గేయోర్గ్ గిస్జె అను డాన్‌జిగ్ పట్టణపు వర్తకుని చిత్రించెను. ఇది బెర్లిన్ నగరమున నున్నది. వర్తకుడు తన చిన్నగదిలో బల్లవెనుక నుండి ఒక జాబును విప్పుచున్నాడు. గోడకు తగిలించిన కమ్ములలో మఱికొన్ని జాబులు గ్రుచ్చియున్నవి. ముద్రలు, తాళపుచెవులు, నాణెములు, సిరా, కలములు, అలమరకు వ్రేలాడుచున్న త్రాసు, బల్లమీద తూర్పుదేశపు తివాసి, గాజుపాత్రలో పూవులు కలవు. ఇందు ఏ వస్తువును ఊరక పెట్టినది కాదు. జాబులు దూరదేశముల లావాదేవీలను చెప్పును. ముద్ర ఆతని మాటకు గల విలువను చెప్పును. త్రాసు తూకములోని నిజాయితీని చెప్పును. తివాసి లాభము వచ్చినదని చెప్పును. మన అంగడివీధిలో గల్లాపెట్టెయు, చిట్టాపుస్తకమును, త్రాసును చూచినప్పుడు షావుకారును వేఱుగ అడుగవలసిన పనిలేదు గదా! హోల్బీన్ చేసినదియు అంతియే. అయితే ఆతడు షావుకారు ఇంట లేని వేళ కూడ ఆతని దుకాణము ఆతని గూర్చి మాటాడునట్లు చేసినాడు.

ఇచట ఒక విశేషమును గమనింపుడు. అంతస్తు పెరిగినకొలది చేతిలోని పనిముట్టు మాయమగుచుండును. దర్జీకి కత్తెర యుండవలెను, వర్తకునికి జాబుండవలెను. మిక్కిలి గొప్పవానికి చేతితో చేయవలసిన పని యేదియు లేదనుటయే ఆతని గొప్పతనము. ఫ్రాన్సు దేశపు రాజు పదునాలుగవ లూయీని రిగో అను చిత్రకారుడు 1701లో చిత్రించెను. ఈ పటము పారిస్ నగరమందలి లూవ్ర్ మ్యూజియమున నున్నది. అప్పటికి రాజునకు 63 ఏండ్లు. నీలిపట్టుమీద బంగారు పూవులు కుట్టి, లోపలివైపు తెల్లని జంతురోమపు చర్మము వేసిన పట్టాభిషేక వస్త్రము ఆతని భుజమునుండి నేలవఱకు జాలువారుచున్నది. ఆ బరువైన వస్త్రమును ఒక ప్రక్కకు తొలగించి, తెల్లని మేజోళ్లు తొడిగిన కాళ్లను, ఎఱ్ఱని మడమలుగల జోళ్లను చూపినాడు. రాజదండమును తలక్రిందుగా పట్టి, చేతికఱ్ఱవలె దానిపై చేయి ఆనించినాడు. కిరీటము తలమీద లేదు, ప్రక్కన పీటమీద నున్నది. రాజదండమే రాజు పనిముట్టు అనుకొన్నను, దానిని కూడ అంత నిర్లక్ష్యముగా పట్టుకొనగలవాడు రాజొక్కడే. ఇతరులు కన్నులకద్దుకొను వస్తువును ఆతడు ఊతగా వాడుకొనుచున్నాడు. ఈ పటమును స్పెయిను రాజైన తన మనుమనికి పంపవలెనని లూయీ వ్రాయించెను గాని, పూర్తియైన పిమ్మట తనయొద్దనే ఉంచుకొనెను.

ఒంటిమీది వస్త్రముకంటె చిన్నదైన గుర్తు ఒక్కటి చాలు, అంతస్తులు తెలియుటకు. హాలెండు దేశమున రెంబ్రాంట్ 1662లో ఆమ్స్టర్డాము నగరపు బట్టలవర్తకుల సంఘమున గుడ్డల నాణ్యమును పరీక్షించు అధికారులను చిత్రించెను. అందు ఆరుగురు మనుష్యులు కలరు. అందరును నల్లని దుస్తులు తొడిగినవారే, అందరికిని తెల్లని మెడపట్టీలే. కాని ఐదుగురి తలలమీద టోపీలున్నవి. వెనుక నిలిచిన ఆఱవవానికి టోపీ లేదు. ఆ ఐదుగురును అధికారులు, ఆఱవవాడు వారి సేవకుడు. మనదేశమున పెద్దలయెదుట పైపంచెను నడుమునకు చుట్టుకొని నిలుచునట్లే, ఆ దేశమున గదిలోపల టోపీ ధరించి కూర్చుండుట ఒక హక్కు. అదే చిత్రకారుడు 1632లో డాక్టరు టుల్ప్ శరీరనిర్మాణమును బోధించుటను చిత్రించెను. అందును టోపీ యున్నది డాక్టరుగారి కొక్కరికే. ఆయన శ్రావణముతో శవము ముంజేతి స్నాయువులను పైకెత్తి చూపుచున్నాడు. చుట్టును వంగి చూచువారు పటములో కనబడుటకై తమ తమ వంతు సొమ్ము చెల్లించినవారు. బల్లమీద పడియున్నవాడు మాత్రము సొమ్ము చెల్లించినవాడు కాడు. దొంగతనమునకు ఉరితీయబడిన నేరస్థుడతడు. ఆతనిని గూర్చి చివర మరల చెప్పెదను.

కొన్ని వృత్తులకు పనిముట్టు లేదు. రాయబారి చేయు పని మాట. దానిని పటమున ఎట్లు చూపవలెను? 1533లో హోల్బీన్ ఈ చిక్కును విప్పిన తీరు ప్రసిద్ధమైనది. ఇంచుమించు నిలువెత్తు పటమున ఇద్దరు నిలుచున్నారు. ఎడమవైపున ఇంగ్లండునకు వచ్చిన ఫ్రెంచి రాయబారి జాఁ ద దాంతవీల్. కుడివైపున ఆతని మిత్రుడు, లవోర్ బిషప్పు జొర్జ్ ద సెల్వ్. మొదటివానికి రోమపు అంచుల వెడల్పైన పైకోటు, మెడలో బిరుదు పతకము, చేతిలో బాకు. రెండవవానికి పాదములవఱకు దిగిన నిలువుటంగీ, మోచేతిక్రింద పుస్తకము. లౌకికాధికారము, మతాధికారము రెండును దుస్తులలోనే వేఱుపడినవి. బాకు ఒరమీద ఒకరి వయస్సు 29 అనియు, పుస్తకము అంచున రెండవవారి వయస్సు 25 అనియు వ్రాసియున్నది. వారి మధ్య రెండంతరువుల బల్ల కలదు. పై అంతరువున నక్షత్రగోళము, నీడగడియారములు, కాలమును కొలుచు పరికరములు. క్రింది అంతరువున భూగోళము, గణితగ్రంథము, కీర్తనల పుస్తకము, వీణవంటి వాద్యమొకటి. వీరు లోకమును ఎఱిగినవారు, లెక్క తెలిసినవారు, సంగీతము వినగలవారు, కావున రాజులు తమ మాటను వీరి చేతికి అప్పగింపవచ్చును అని ఆ బల్ల సాక్ష్యమిచ్చుచున్నది. కాని ఆ వాద్యమున ఒక తంతి తెగియున్నది. కాళ్లయొద్ద నేలపై అడ్డముగ సాగిన వింత ఆకారమొకటి యున్నది. పటమునకు ప్రక్కగా నిలిచి చూచినచో అది మనుష్యుని పుఱ్ఱె. పదవిని ఇంత ఘనముగా చూపిన పటమే, ఆ పదవి ఎన్నాళ్లని అడుగుచున్నది.

ఇక మన దేశమునకు వత్తము. మొగలాయి చక్రవర్తి అక్బరు తన రూపమును వ్రాయించుకొనుటయే గాక, కొలువులోని గొప్పవారందరి రూపములను వ్రాయించి యొకచోట చేర్పించెనని ఆయన్-ఇ-అక్బరీ చెప్పుచున్నది. ఆ కొలువు చిత్రములలో గుర్తులు మిక్కిలి సూక్ష్మములు. జామా అను పైదుస్తును ఱొమ్మునకు ఒక ప్రక్కన ముడివేయుదురు. ముడి ఎడమవైపున నున్నచో హిందువు, కుడివైపున నున్నచో ముసల్మాను. పాగ చుట్టు, నడికట్టు పనితనము, కటారు పిడి, చేతిలోని పత్రము లేక ఖడ్గము, సింహాసనమునకు దూరము, ఇవన్నియు ఆ మనుష్యుడు కొలువులో ఏ మెట్టున నున్నాడో తెలుపును.

మెట్టు అను మాట అలంకారము కాదు. జహంగీరు కొలువున బిచిత్ర అను చిత్రకారుడు ఇంచుమించు 1615-18 నడుమ వ్రాసిన పటమొకటి వాషింగ్టను నగరమున నున్నది. చక్రవర్తి పెద్ద ఇసుకగడియారముమీద ఆసీనుడై యున్నాడు. తలవెనుక సూర్యచంద్రులు కలిసిన ప్రభామండలము కలదు. ఎడమప్రక్కన నలుగురు ఒకరిక్రింద నొకరు నిలుచున్నారు. అందరికంటె పైన నున్నవాడు ముసలి సూఫీ సాధువు. చక్రవర్తి ఆతనికి గ్రంథమును బహూకరించుచున్నాడు. ఆతని క్రింద తురుష్క సుల్తాను. ఆ క్రింద ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు. జేమ్సు ఏనాడును హిందూదేశమునకు రాలేదు. ఐరోపా పటమును చూచి ఆతని రూపమును ఇందు వ్రాసిరి. అన్నిటికంటె దిగువ మూలలో నున్నవాడు చిత్రకారుడు బిచిత్రయే! ఆతని చేతిలో చిన్నపటమున్నది. అందులో ఆతడు వంగి నమస్కరించుచున్నట్లు వ్రాసికొనినాడు. తన పేరును చక్రవర్తి కాలుమోపు పీటమీద వ్రాసెను. రాజులకంటె సాధువు మిన్న యని చెప్పు పటమున చిత్రకారుడు తనకు అన్నిటికంటె దిగువచోటు నిచ్చుకొని, ఆ చోటును మాత్రము విడువకుండ పట్టుకొనినాడు.

మన తెలుగుసీమలోని లేపాక్షికి పోయినచో మరియొక పద్ధతి కనబడును. అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529-1542 సంవత్సరముల మధ్య, పెనుగొండ కోశాధికారియైన విరూపణ్ణ తన సోదరుడు వీరణ్ణతో కలిసి అచటి వీరభద్రాలయమును వృద్ధిచేసినట్లు చెప్పుదురు. ఆలయపు కప్పుమీది చిత్రములలో ఆ సోదరులు పరివారముతో స్వామిని సేవించుచు, అర్చకునియొద్ద విభూతి గ్రహించుచున్నట్లు వ్రాయబడియున్నారు. కోశాధికారియైనను ఆతని చేతిలో తాళపుచెవులు లేవు, ప్రక్కన ధనపు పెట్టె లేదు. ఆతని హోదాను చెప్పునది తలమీది ఎత్తైన కుళ్లాయి. అది విజయనగరపు కొలువు టోపీ. తిరుమలలో ఇద్దఱు దేవులతో చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహమునకు సైతము అట్టి ఎత్తైన టోపీయే కలదు. కర్ణాటరాజుల కొలువునకు పోవుటకు తాను కుళ్లాయి పెట్టుకొనవలసి వచ్చెనని శ్రీనాథుడు మొఱపెట్టుకొన్నట్లు ఒక చాటువు ప్రచారమున నున్నది గదా! కవికి భారమైన ఆ టోపీ కోశాధికారికి గౌరవచిహ్నము. రాజసభలో తల ఎత్తుకొని తిరుగుటకు పెట్టుకొన్న కుళ్లాయితోనే విరూపణ్ణ దైవసన్నిధిని చేతులు జోడించినాడు. ఎవరియెదుట పెద్దయో, ఎవరియెదుట చిన్నయో, రెండును ఒక్క పటమునందే తేటపడినవి.

ఇంతవఱకు పటములు చెప్పు మాటలను మనము విన్నాము. ఆ మాటలు నిజమేనా యని అడుగవలసిన సమయమిది. రూపచిత్రము న్యాయస్థానమునందు ఇచ్చిన వాఙ్మూలమువంటిది. అందు నిజముండవచ్చును, కాని అది చెప్పుకొన్నవాని పక్షమున చెప్పిన నిజము. దీనికి రెండు దృష్టాంతములు చెప్పెదను.

మొదటిది స్పెయిను దేశపు ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెత్ వృత్తాంతము. 1656లో ఆతడు రాకుమారిని, ఆమె పరిచారికలను చిత్రించిన పెద్దపటమున తన్ను కూడ వ్రాసికొనినాడు. చేతిలో కుంచెయు, రంగుల పలకయు కలవు. ఎదుట ఎత్తైన కాన్వాసు కలదు. ఱొమ్ముమీద ఎఱ్ఱని శిలువగుర్తు కలదు. అది సాంటియాగో వీరసంఘపు చిహ్నము. ఆ సంఘమున చేర్చుకొనబడుటకు వంశగౌరవమును నిరూపింపవలెను. పొట్టకూటికై చేతిపని చేయలేదనియు నిరూపింపవలెను. వెలాస్కెత్ కూలికై పటములు వ్రాసినవాడు కాడని సాక్షులు వాఙ్మూలమిచ్చిరి. లోకములో ఎవని కుంచె ఎంత గొప్పదో అందరికిని తెలిసియుండగా, ఆ కుంచె ఆతని జీవనోపాధి కాదని చెప్పవలసి వచ్చెను! బిరుదు ఆతనికి 1659లో లభించినది. పటము అంతకు మూడేండ్ల క్రిందటిది. కావున ఆ ఎఱ్ఱని శిలువ తరువాత చేర్చినదని స్పష్టము. వృత్తికిని హోదాకును గల వైరమంతయు ఆ పటమున ఒకచో నిలిచియున్నది. చేతిలో కుంచె, ఱొమ్మున శిలువ. మొదటిది ఆతడు చేసిన పని. రెండవది ఆ పని చేయలేదని చెప్పినందుకు లభించిన మర్యాద.

రెండవది ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు లవ్వాజియే వృత్తాంతము. 1788లో దవీద్ అను చిత్రకారుడు ఆతనిని, ఆతని భార్య మరీ-ఆన్‌ను నిలువెత్తుగ చిత్రించెను. పటము న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నది. నల్లని దుస్తులు తొడిగిన శాస్త్రజ్ఞుడు ఎఱ్ఱని మఖ్మలు పరచిన బల్లయొద్ద కూర్చుండి, చేత కలము పట్టుకొని, భార్యవంక తలయెత్తి చూచుచున్నాడు. బల్లమీదను, నేలమీదను ప్రయోగములకు వాడు గాజుపరికరములు మెఱయుచున్నవి. భార్య భర్త భుజముపై చేయి ఆనించి నిలుచున్నది. వెనుక కుర్చీమీద ఆమె చిత్రముల అట్టపెట్టె కలదు. ఆమె దవీద్‌యొద్ద చిత్రలేఖనము నేర్చి, భర్త శాస్త్రగ్రంథమునకు బొమ్మలు వ్రాసినది. విజ్ఞానమునకై జీవించిన దంపతులనుటకు ఇంతకంటె చక్కని పటముండదని రెండువందల యేండ్లు జనులు తలంచిరి.

మ్యూజియమువారు పరారుణ కిరణములతోను, ఎక్స్‌కిరణములతోను రంగుల అడుగుపొరలను పరీక్షించి, తాము కనుగొన్న సంగతులను 2021లో ప్రకటించిరి. దవీద్ మొదట వ్రాసినది వేఱుపటము! అందు భార్య తలపై ఈకలును, పూవులును గల పెద్దటోపీ యుండెను. భర్త దుస్తులు మఱింత ఆడంబరముగ నుండెను. శాస్త్రపరికరములు ఒక్కటియు లేకుండెను. అది శాస్త్రజ్ఞుని పటము కాదు, ధనవంతుల దంపతుల పటము. లవ్వాజియేకు రెండు వృత్తులుండెను. ప్రయోగశాలలో ఆతడు శాస్త్రజ్ఞుడు. బయట, రాజుగారి పన్నులను గుత్తకు తీసికొని జనులనుండి వసూలుచేయు సంఘములో భాగస్వామి. ఆతని ధనము రెండవ వృత్తినుండి వచ్చినదే. పటములో మార్పు ఎందుకు చేయబడినదో ఎవరును వ్రాసి పెట్టలేదు. కాని విప్లవము రాబోవుచున్న దినములవి. గుత్తదారులయెడ జనులకు ఆగ్రహము పెరుగుచున్న దినములవి. పటములో గుత్తదారు మఱుగుపడి శాస్త్రజ్ఞుడు నిలిచెను. పటముమీద చేయగలిగిన మార్పు జీవితమున సాధ్యము కాలేదు. 1794 మే 8వ తేదీన ఇతర గుత్తదారులతో పాటు లవ్వాజియే శిరచ్ఛేదము పొందెను. అదే దినమున మరీ-ఆన్ తండ్రియు మరణశిక్షకు గురియయ్యెను.

ఇందువలన పటము అబద్ధమాడెనని అనరాదు. ఆతడు శాస్త్రజ్ఞుడనుట పరమసత్యము. కాని ఒక్క మనుష్యునికి గల పెక్కు పాత్రలలో ఏదానిని వెలుగులో నిలుపవలెను, ఏదానిని రంగుక్రింద కప్పవలెను అను ఎన్నిక ప్రతి పటమునందును జరుగును.

ఆ ఎన్నిక చేసికొనుటకు అధికారము గలవారి సంగతి ఇది. ఆ అధికారము లేనివారి మాటయేమి? పదునెనిమిదవ శతాబ్దపు చివరనుండి తంజావూరు, తిరుచిరాపల్లి పట్టణములలోని చిత్రకారులు ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగులకొఱకు కులవృత్తుల చిత్రమాలలను వ్రాసి యమ్ముచుండిరి. తంజావూరి చిత్రకారులలో తెలుగు మాటాడు రాజుల కుటుంబములవారును ప్రసిద్ధులు. ఒక్కొక్క పుటమీద ఒక పురుషుడు, ఆతని భార్య నిలిచియుందురు. నేతవానికి మగ్గపు సామగ్రి, కుమ్మరికి కుండ, కల్లుగీతవానికి మోకు. అడుగున వృత్తి పేరో, కులము పేరో వ్రాసియుండును. మనుష్యుని పేరుండదు. మొరోని దర్జీ పేరును మనకు తెలియదు గాని, ఆతని ముఖము ఒక్కనిదే. వీధిలో ఎదురైనచో గుర్తింపవచ్చును. ఈ చిత్రమాలలలో ముఖములు మూసపోసినట్లుండును. కుండను తీసి మోకు నిచ్చినచో కుమ్మరి గీతవాడగును. పనిముట్టు మనుష్యుని గూర్చి చెప్పుట మాని, మనుష్యుడే పనిముట్టును మోయు కొయ్యయైనాడు. ఇట్లే జరిగితీరవలెనని లేదు. 1815-19 సంవత్సరములలో ఢిల్లీ ప్రాంతమున ఫ్రేజరు సోదరులు వ్రాయించిన పటములలో పల్లెవాసుల ముఖములు వేఱువేఱుగ నుండుటయే గాక, పెక్కింటిమీద వారి పేర్లును వ్రాయబడియున్నవి. చిత్రకారుని చేతిలో నేర్పు రెండుచోట్లను కలదు. వ్రాయించినవాడు అడిగినది వేఱు.

మరియొక పటమును తలంచుకొందము. పైన చెప్పిన వెలాస్కెత్ 1650లో రోమునగరమున నుండగా, తన యింటి బానిస హువాన్ ద పరేహాను చిత్రించెను. ఇదియు నేడు న్యూయార్కులోనే కలదు. పరేహా చేతిలో పనిముట్టు లేదు. బానిసయని తెలుపు గుర్తు ఒక్కటియు లేదు. తెల్లని జాలరు మెడపట్టీ ధరించి, చేయి ఱొమ్మునకు అడ్డముగ మడిచి, ఏ ప్రభువునకును తీసిపోని నిలుకడతో మనలను సూటిగ చూచుచున్నాడు. ఆ పటమును రోమునందు ప్రదర్శింపగా జనులు మిక్కిలి మెచ్చుకొనిరి. ఆ సంవత్సరమే నవంబరులో వెలాస్కెత్ ఆతనికి విడుదలపత్రము వ్రాసియిచ్చెను. అది నాలుగేండ్ల పిమ్మట అమలునకు వచ్చునది. తరువాత పరేహా తానే చిత్రకారుడై పటములు వ్రాసెను. చట్టము ఇంకను ఇవ్వని స్థానమును పటము ముందుగానే ఇచ్చినది.

డాక్టరు టుల్ప్ బల్లమీది మనుష్యుని గూర్చి మరల చెప్పెదనని మాటయిచ్చితిని. ఆతని పేరు ఆరిస్ కింట్. చుట్టునున్న పెద్దమనుష్యులకు దుస్తులు, గడ్డములు, మెడపట్టీలు కలవు; వారు వృత్తిచేతను, ధనముచేతను పటమునకెక్కినవారు. ఈతనికి వస్త్రము లేదు, పనిముట్టు లేదు, హోదా లేదు. అయినను పటములోని వెలుగంతయు ఈతని దేహముమీదనే పడుచున్నది.

శ్రోతలలో పలువురికి మ్యూజియములకు పోవు అవకాశము లేకపోవచ్చును. కాని రూపచిత్రములు మన చుట్టును కలవు. పాఠశాల గోడమీద దాత పటము, పురమందిరమున అధ్యక్షుల పటములు, ఇంటి నడవలో తాతగారి పటము మనకు నిత్యము కనబడునవే. ఈసారి వానియెదుట నిలిచినప్పుడు ముఖమును చూచిన పిమ్మట చేతులను చూడుడు. చేతిలో నున్న వస్తువు ఆతడు నిత్యము వాడినదా, పటముకొఱకు పట్టుకొన్నదా యని విచారింపుడు. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలుచున్నారు, ఎవరి తల కప్పియున్నది అని చూడుడు. తాతగారి ప్రక్కన ఖాళీకుర్చీ యున్నచో అది ఎవరిదని ఇంటిపెద్దలను అడుగుడు. జమాఖర్చుల పుస్తకముతో తాతగారు కూర్చున్న ఇంట, ఆ లెక్క కుదురుటకు తెల్లవాఱుజామున లేచి పనిచేసిన నాయనమ్మ పటములో కలదా లేదా యని చూడుడు. ఆమె పటములో లేకున్నచో, ఆమెను ఎఱిగినవారు ఇంకను ఉన్నప్పుడే ఆమె చేతులు ఏ పని చేసినవో అడిగి వ్రాసి యుంచుడు.